వంద వరకు

మార్చి 24, సోమవారం

పొద్దున పది గంటలకు మొదటి కేసు. ఛాతీ సీటీ, ఆరు వందల ఎంబీ. నెట్ వంద స్పీడు అన్నాక ఆరు సెకన్లలో దిగాలి. నిమిషం పట్టింది. మధ్యాహ్నం అంతే సైజుది ఇంకొకటి — అయిదు నిమిషాలు.

ఫైలు దిగుతున్నప్పుడు పక్కన చిన్నగా ఒక అంకె పడుతుంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. పదకొండు... పది... పదకొండు. మధ్యాహ్నం రెండు.

వంద ఎక్కడ?

మార్చి 25

ఈ నెల మొదట్లోనే యాభై ప్లాను తీసేసి వంద ప్లాను పెట్టించాం. మా ఈయనే అన్నారు — "నీ పనికి పెద్దది ఉండల్ల సుభద్రా, పెట్టించుకో." నిజం చెప్పాలంటే యాభై ఉన్నప్పుడే బాగుండేది. ఎక్కువ ఇస్తామని చెప్పి తక్కువ ఇవ్వడం ఎలా సాధ్యం? సాధ్యమే. నెట్ లైన్లు ఇచ్చే ఖాజా ఊరంతటికీ ఒకే తీగ మీద ఇస్తున్నాడు కదా. నాకు చెప్పిన వందలో ఇంకెన్ని ఇళ్లకు పంచుతున్నాడో.

మార్చి 27

నడుము పట్టేసింది. పెద్దాసుపత్రిలో ఇరవై ఆరేళ్లు చీకటి గదిలో స్కాన్లు చదివినందుకు మిగిలింది ఇది. ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఈ ఊరొచ్చినప్పుడు, ఇక చదవడం అయిపోయిందనే అనుకున్నాను. అవ్వలేదు. చిన్న చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో తీసిన స్కాన్లు బెంగళూరు సెంటరుకు పోతాయి, వాళ్లు నాకు పంపుతారు, మా చీనీ — బత్తాయి — తోట పక్కన కూర్చుని చదివి రిపోర్టు రాస్తాను. పది నుంచి ఆరు వరకు. ఈ గదిలో ఏసీ, రెండు పెద్ద స్క్రీన్లు, ఒక తీగ. ఆ తీగ సరిగ్గా లేకపోతే నేనిక్కడ ఎందుకు కూర్చున్నట్టు?

సెంటరు నుంచి ప్రవీణ ఫోన్. మాకు కేసులు పంచే అమ్మాయి. "మేడమ్, ఈ వారం మీ రిపోర్టులు లేటుగా వస్తున్నాయండీ. ఒంట్లో బాగుందా?"

ఒంట్లో బాగానే ఉంది.

మార్చి 28

ఖాజాకు మూడుసార్లు ఫోన్ చేశాను. "వస్తాండా డాక్టరమ్మా, గుత్తి రోడ్డుకాడ తీగ తెగింది, అదయినాక వస్తా." రాలేదు. రాడు. వస్తే చూపించాలి కదా.

మార్చి 29, శనివారం

ప్లాను పెట్టినప్పుడు ఇచ్చిన రంగు కాగితం బీరువాలో దొరికింది. కాగితం నిండా పెద్దగా 100. దాని కింద మెరుపు బొమ్మ. అద్దాలు పెట్టుకుని చూస్తే 100 పక్కన, గోరంత అక్షరాల్లో — "వరకు".

వంద వరకు.

వరకు అంటే ఒకటి కూడా వరకే. సున్నా కూడా వరకే. ఎంత తెలివి! నేనూ రిపోర్టుల్లో అలాంటి మాటలు రాస్తాను, ఒప్పుకుంటున్నాను... కానీ గోరంత అక్షరాల్లో రాయను.

మార్చి 31, సోమవారం

మధ్యాహ్నం మళ్లీ రెండు. ఒకసారి ఒకటిన్నర. ఉగాది పులిహోర మిగిలింది, అదే తిన్నాం.

ఏప్రిల్ 2, బుధవారం

ఈ రోజు నేను చేసింది రాసి పెట్టాలి.

ఆటో ఎక్కి గార్లదిన్నె వెళ్లాను. బస్టాండు పక్క ఖాజా కొట్టు — డబ్బాలు, తీగ చుట్టలు, గోడకు అదే రంగు కాగితం. లోపల అయిదారుగురున్నారు. మా ఊరి వాళ్లే ముగ్గురు. వాళ్లు పోయే దాకా ఆగుదామనుకున్నాను. ఆగలేదు.

"వందని చెప్పి పదకొండు ఇస్తాండావు ఖాజా. పగటిపూట రెండు. మోసం కాకపోతే ఏమప్పా ఇది?"

ఖాజా లేచి నిలబడ్డాడు. "మోసమా? ఎవురు చెప్పినారు డాక్టరమ్మా?"

"ఎవురో చెప్పేదేంది? నా కండ్లతో చూసినా."

పక్కనున్న ఒకాయన అందుకున్నాడు — "అదే నేనూ అనుకుంటాండా. మా ఇంట్లో టీవీ చక్రం తిరుగుతానే ఉంటాది. డాక్టరమ్మే చెప్తాంటే ఇంకేం కావల్ల?"

ఖాజా నాకు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. వచ్చేస్తుంటే వెనకనుంచి అన్నాడు, "పద్నాలుగేండ్ల నుంచి ఈడ ఉండా. ఇట్లాంటి మాట ఎవురూ అనలేదు."

ఆటో దిగి, చిల్లర తీసుకోకుండానే లోపలికి వచ్చేశాను. కోపంతోనే. కోపంతోనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 3

పొద్దున తొమ్మిదికే ఖాజా గేటు దగ్గర. చేతిలో ల్యాప్‌టాప్, పచ్చటి తీగ ఒకటి. మొహం చూడకుండా "బాక్సు యాడుండాది?" అని లోపలికి వచ్చాడు.

గాలిలో వచ్చే వైఫై కాకుండా తీగ నేరుగా తన ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు. టెస్టు పెట్టాడు. ముల్లు లేచింది — తొంభై నాలుగు.

నేను నమ్మలేదు. అదే తీగ నా కంప్యూటరుకు గుచ్చమన్నాను. తొంభై మూడు. "ఇప్పుడు నిన్నటి ఫైలు మల్లా దింపండి." దింపాను. పక్కన అంకె — పదకొండు.

"చూడు, అదిగో పదకొండు!" అన్నాను. అరిచాననే చెప్పాలి.

ఖాజా స్క్రీను మీద వేలు పెట్టాడు. "ఈడ చూడండి డాక్టరమ్మా. నేనిచ్చేది చిన్న బి. మీ కంప్యూటరు చూపించేది పెద్ద బి. చిన్న బీలు ఎనిమిది కలిస్తే ఒక పెద్ద బి. వందని ఎనిమిదితో భాగించండి."

పన్నెండున్నర.

"దారిలో కొంచెం పోతాది. పదకొండు, పదకొండున్నర వస్తాది. అంటే వందా వచ్చినట్టే."

స్క్రీను ముందు నిలబడి ఆ భాగహారం ఇంకోసారి చేశాను. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ తేడా చూసుకోలేదని ఒకప్పుడు ఒక నర్సును వార్డులో అందరి ముందూ ఎన్ని మాటలన్నానో. ఆ అమ్మాయి కూడా ఇలాగే నిలబడింది.

"మల్ల మధ్యాన్నం రెండుకు పడిపోయేది?" అని మాత్రం అడిగాను. గొంతు తగ్గింది.

"అది నాకూ తెలీదు. చూడల్ల." తీగ చుట్టుకున్నాడు. గేటు దాకా పోయి ఆగాడు. "నిన్నటి నుంచి నాలుగిండ్ల వాళ్లు లైను తీసేయమన్నారు. డాక్టరమ్మే మోసమని చెప్పిందంట."

టీ తాగమంటే ఉపవాసం అన్నాడు. రంజాన్ సోమవారమే అయిపోయింది కదా ఖాజా... అడగలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఉదయం 11:40. ప్రవీణ ఫోన్ — "మేడమ్, స్ట్రోక్ కేసు. చాలా అర్జెంటు." హిందూపురం వైపు ఎక్కడో చిన్న ఆసుపత్రి. యాభై రెండేళ్ల మగమనిషి. కుడిచెయ్యి పడిపోయింది, మాట రావడం లేదు.

అంకె పదకొండుతో మొదలయింది. మూడు. రెండు. సున్నా పాయింట్ ఎనిమిది. ఆగింది. మళ్లీ కదిలింది... నేను లేచాను, కూర్చున్నాను, ఫోన్‌లో దింపబోయాను, సిగ్నల్ లేదు. తీగ పీకి గుచ్చాను — మొదటికొచ్చింది. తెలివితక్కువ పని.

పద్నాలుగు నిమిషాలు.

చదవడానికి నాకు పట్టింది మూడు. రక్తస్రావం లేదు. అంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే వీలుంది — సమయం మించకపోతే. వెంటనే ఫోన్‌లోనే చెప్పాను, తరువాత రాసి పంపాను.

అతన్ని ఆసుపత్రికి ఎన్నింటికి తెచ్చారో నాకు తెలియదు. ఆ పద్నాలుగు నిమిషాలు అతనికి ఉన్నవో, లేనివో తెలియదు.

సాయంత్రం ప్రవీణను అడిగాను. "మాకు ఆ వివరాలు రావండీ మేడమ్."

ఏప్రిల్ 5

సెంటరు నుంచి మెయిల్. పద్ధతిగా, మర్యాదగా. "మీ ఇంటర్నెట్ వేగం టెస్టు ఫొటో పంపగలరు."

పొద్దున తొమ్మిదిన్నరకు తీగతో పెట్టాను. తొంభై నాలుగు. పంపాను. పంపాక కానీ తట్టలేదు.

మధ్యాహ్నం జవాబు వచ్చింది — "వేగం బాగానే ఉంది కాబట్టి, ఆలస్యం రిపోర్టింగ్‌లోనే జరుగుతోందని భావిస్తున్నాం."

అంటే నేనే. నా కళ్లే. నా వయసే.

నా చేత్తో నేనే సాక్ష్యం పంపాను. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చే అంకె మధ్యాహ్నం పన్నెండు గురించి ఏమీ చెప్పదని ఆ మెయిల్ రాసిన మనిషికి ఎలా చెప్పాలి? నాకే మొన్నటిదాకా పెద్ద బి, చిన్న బి తెలియలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

సెలవు. అయినా గంట గంటకూ టెస్టు పెట్టాను, ఈ పేజీ వెనక రాశాను. పొద్దున తొమ్మిదిన్నర వరకు తొంభైకి పైన. పది దాటగానే ముప్ఫై. పదకొండు, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు — పదిహేను, పన్నెండు, ఇరవై, పది. సాయంత్రం తోటలో కరెంటు పోయాక మళ్లీ తొంభై.

ఊరంతా వాడుతున్నందువల్ల పడిపోతే రాత్రి మ్యాచ్ వేళ పడిపోవాలి. అప్పుడు డెబ్భై ఉంది. పగలు ఊళ్లో ఎవరున్నారు? అందరూ తోటల్లో.

కుడికన్ను మూసి ఎడమకన్నుతో, ఎడమకన్ను మూసి కుడికన్నుతో క్యాలెండరు అంకెలు చదివాను. బాగానే ఉన్నాయి. బాగానే ఉన్నాయా?

ఈయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. "ఏం చేస్తాండావు?" "ఏమీ లేదు" అన్నాను. ఆయన కూడా ఏదో చెప్పబోయి, ఏమీ లేదన్నట్టే వెళ్లిపోయారు.

ఏప్రిల్ 7

గార్లదిన్నె వెళ్లి ఖాజా కొట్టులో, ఈసారి కూడా మనుషులున్నప్పుడే, చెప్పాను — "నేను లెక్క తప్పు చూసినా. ఖాజా ఇచ్చేది సరిగానే ఉండాది. మోసమన్నది నాదే తప్పు."

ఆరోజు మాట కలిపినాయన నవ్వాడు. "మీరు మెత్తనోళ్లు డాక్టరమ్మా. ఇంటికొచ్చి కాళ్లు పట్టుకున్నాడేమో, మీరు వదిలేసినారు."

"అది కాదప్పా, నిజంగానే..."

"సరేలే, మాకు తెల్దా."

ఎంత చెప్పినా వినలేదు. మోసమన్నప్పుడు ఒక్క వాక్యానికే నమ్మారు. కాదంటే పది వాక్యాలకూ నమ్మరు. ఖాజా మధ్యలో అడ్డుపడ్డాడు, "ఉండనీండి మేడం. అయింది." తీసేయమన్న నాలుగిళ్లు ఏడయ్యాయట.

నా అంకెల పేజీ చూపించాను. చాలాసేపు చూశాడు. "రేపు పగలొచ్చి చూస్తా. ఇది నా లైనులోది కాదు. మీ ఇంట్లో ఏదో తాగేస్తాండాది."

ఏప్రిల్ 8, మంగళవారం

ఖాజా పదకొండుకు వచ్చాడు. ఈయన తోటలో ఉన్నారు.

బాక్సు లోపలి పేజీ తెరిచాడు. ఇంట్లో ఏయే వస్తువులు నెట్ వాడుతున్నాయో వరసగా పడ్డాయి. నా కంప్యూటరు, నా ఫోన్, ఈయన ఫోన్, టీవీ. తరువాత నాలుగు — పేరు లేదు, అంకెలే. నాలుగూ ఒకే కంపెనీవి.

"డాక్టరమ్మా, మీ ఇంట్లో కెమెరాలుండాయా?"

"లేవే."

ఖాజా స్క్రీను నా వైపు తిప్పాడు. ఆ నాలుగూ క్షణం ఆగకుండా పైకి పంపుతున్నాయి.

ఎందుకు ఆగిపోతుందో అప్పుడు చెప్పాడు. నా ప్లానులో కిందికి దిగేదానికి వంద, పైకి పంపేదానికి ఇరవై. కాగితం మీద వందే వేస్తారు, ఇరవై వెయ్యరు. ఆ ఇరవైనీ ఈ నాలుగే నింపేస్తున్నాయి. "మీ స్కాను ఒక్కసారిగా రాదు. ముక్క ముక్కగా వస్తాది. ఒక ముక్క వచ్చినాక మీ కంప్యూటరు 'అందింది, ఇంకోటి పంపు' అని పైకి చెప్పల్ల. పైకి పోయే దారి నిండిపోయింటే ఆ మాటే పోదు. ఆ మాట పోకుంటే అవతలోడు పంపడు. కింద దారి ఖాళీగానే ఉండాది. ఉండీ లాభం లేదు."

"ఎవరివి ఇవి? పక్కింటోళ్లు మన వైఫై..."

"పాస్‌వర్డు ఎవురికన్నా చెప్పినారా?"

చెప్పలేదు. నాకూ ఈయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

అది పలికాక కానీ నాకే వినబడలేదు. ఖాజా సామాను సర్దుకుని, "నేను చెప్పినానని అనొద్దండీ" అని వెళ్లిపోయాడు.

నడుము నొప్పితోనే మిద్దె ఎక్కాను. సంవత్సరం అయింది ఎక్కి. నీళ్ల ట్యాంకు వెనక, తోట వైపుకు తిప్పి, పళ్లెమంత తెల్ల యాంటెనా. కొత్తది. దాని ఎదురుగా అర ఫర్లాంగు దూరంలో బోరు గది. గది కప్పు మూలన నల్లగా ఏదో మెరిసింది. చీనీ చెట్టు కొమ్మలో ఇంకొకటి, కంచె కర్రలకు మరో రెండు.

నాలుగూ బోరు వైపే చూస్తున్నాయి.

ఏప్రిల్ 8, సాయంత్రం

అడిగాను. ఈయన తల దించుకోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"అన్న మన వంతు నీళ్లు తిప్పుకుంటాండాడు. నాకు తెలుసు. చూపించల్ల కదా."

అన్న అంటే బావగారు. ఉమ్మడి బోరు, మామగారి కాలం నాటిది. ఒకరోజు వాళ్లకు, ఒకరోజు మాకు — మధ్యలో ఒక్క వాల్వు, అటు తిప్పితే వాళ్ల తోటకు, ఇటు తిప్పితే మా తోటకు. పాతికేళ్లుగా గొడవ లేదు. ఈ ఏడు నీళ్లు అడుగుకు పోయాయి. మా తూర్పు వరస చీనీ ఆకు ముడుచుకుంటోంది. వాళ్లవి పచ్చగా ఉన్నాయంటారు ఈయన. నేను చూడలేదు.

"ఎప్పుడు పెట్టించినారు?"

"పోయిన నెల. అనంతపురం నుంచి మనిషిని పిలిపించినా, నువ్వు కంటి పరీక్షకు పోయిన దినం."

పోయిన నెల. వంద ప్లాను పెట్టించుకోమన్న నెల. నా పనికని!

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

ఒప్పుకునేదాన్ని కాదు.

స్ట్రోక్ కేసు గురించి చెప్పాను. పద్నాలుగు నిమిషాలు అని చెప్పాను. ఆయన చాలాసేపు చెప్పు అంచుతో నేల గీస్తూ కూర్చున్నారు. "నీ నెట్టు పోతాదని నాకేం తెలుసు సుభద్రా. అవి కెమెరాలు, ఇది స్కాను. రెంటికీ ఏం సంబంధం అనుకున్నా."

అది అబద్ధం కాదు. నమ్ముతున్నాను. ఇప్పుడు నమ్మడానికి కూడా రాసుకోవలసి వస్తోంది.

ఏప్రిల్ 9

కెమెరాలు తీసేయమన్నాను. కుదరదన్నారు. పది నుంచి ఆరు వరకు ఆపమన్నాను. "తిప్పేదే ఆ టయానికి. బోరుకు కరెంటు ఉండేది పగలే కదా, కెమెరాలకూ అదే."

చివరికి ఖాజాను నేనే మళ్లీ పిలిచాను. కనిపెట్టిందే అతను, ఇక అతని దగ్గర దాచేదేముంది. ఒక దారి చెప్పాడు — కెమెరాలు పంపే బొమ్మ నాణ్యం తగ్గిస్తే పైకి పోయే బరువు తగ్గుతుంది. "మనిషి కనపడ్తాడు. మొహం అంత తేటగా కనపడదు. సరేనా సార్?"

ఈయన ఒప్పుకున్నారు. ఇష్టం లేకుండానే.

పన్నెండింటికి కేసు వచ్చింది. పదకొండు, పదకొండు, పదకొండు. యాభై ఎనిమిది సెకన్లు. చదివి పంపాను. అయినా సంతోషం రాలేదు.

ఏప్రిల్ 10

సెంటరుకు వివరంగా రాశాను — పగటి అంకెలు, కారణం, ఇప్పుడెలా ఉందో. కెమెరాలు ఎవరివో, ఎందుకో రాయలేదు. "ఇంట్లోని ఇతర పరికరాలు" అన్నాను. నేనూ చిన్న అక్షరాల్లో రాయడం నేర్చుకున్నాను.

ప్రవీణను ఆ యాభై రెండేళ్లాయన గురించి మళ్లీ అడిగాను. "కనుక్కోవడానికి ట్రై చేస్తా మేడమ్." చెయ్యదు. ఆమె తప్పు కాదు, రోజుకు అలాంటివి ఎన్నో.

ఏప్రిల్ 12, శనివారం

భోజనాల దగ్గర ఈయన ఫోన్ నా ముందు పెట్టారు. "నువ్వు బొమ్మలు చదివేదానివే కదా. ఇది చూసి చెప్పు, అన్న ఏం చేస్తాండాడో."

"నేను రోగుల బొమ్మలు చదువుతా. మీ అన్నవి కాదు."

ఫోన్ తీసుకుని వెళ్లిపోయారు. అన్నం సగం అలాగే ఉంది.

ఏప్రిల్ 14

మంచి రోజు. తొమ్మిది కేసులు, ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఒక ముసలమ్మ ఊపిరితిత్తిలో గింజంత నీడ దొరికింది, ముందే దొరికింది. కళ్లు బాగానే ఉన్నాయి.

ఖాజా లైను వదిలేసిన ఏడిళ్లలో రెండు మళ్లీ చేరాయట. మిగతా అయిదు వేరే ఆయన దగ్గర పెట్టించుకున్నాయి. అక్కడి కాగితం మీద 200 అని ఉందట.

ఏప్రిల్ 15, మంగళవారం

చూశాను.

చూడకూడదనుకునే చూశాను. ఈయన అనంతపురం మార్కెట్ యార్డుకు వెళ్లారు, పాత ఫోన్ చార్జింగులో ఉంది, తెరిచే ఉంది. నాణ్యం తగ్గించక ముందటివాటిలో బావగారి వీపే — తేటగా, చొక్కా మీద చెమట మరక కూడా కనబడేంత తేటగా — కానీ వీపే. చేతులు ఆయన ఒంటి చాటున.

మొన్నటిది, మధ్యాహ్నం రెండు గంటలది, ఎదుటి చెట్టులోని కెమెరాలో ఉంది. మా వంతు రోజు. బావగారు వస్తారు. అటూ ఇటూ చూస్తారు. వంగి వాల్వు మీద చెయ్యి వేస్తారు. మొహం కెమెరా వైపే. కానీ బొమ్మ మసక. చెయ్యి ఒక గోధుమరంగు మచ్చ. తిప్పుతున్నారా? పట్టుకుని నిలబడ్డారా? లీకయ్యే నీళ్లను ఆపుతున్నారా? ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు జరిపానో. వెలుతురు పెంచాను. పెద్దది చేశాను. పెద్దది చేసే కొద్దీ గళ్లు గళ్లు అయింది, అంతే.

నా స్కాన్లు తొందరగా దిగాలని నేనే మసక చేయించాను.

లేచి కిటికీలోంచి వాళ్ల తోట వైపు చూశాను. ఇక్కడినుంచి అన్ని చెట్లూ ఒకే పచ్చగా ఉన్నాయి.

ఏప్రిల్ 16

ఈయనకు చెప్పలేదు, చూశానని. తను కూడా చూసే ఉంటారు. తనకు అందులో ఏం కనబడిందో నాకు తెలుసు.

ఏప్రిల్ 17, గురువారం. సాయంత్రం అయిదున్నర.

ఇంకా ఒక కేసు ఉంది. దిగి ఉంది, తెరవలేదు. ముందు ఇది రాస్తున్నాను.

నాలుగు గంటలకు బావగారు వచ్చారు. ఈయన మళ్లీ మార్కెట్‌కు వెళ్లారు, ఇంట్లో నేనొక్కదాన్నే. లోపలికి రమ్మంటే రాలేదు. వసారాలో నిలబడి మిద్దె మీదికి చూశారు, యాంటెనా వైపు.

"సుభద్రమ్మా, దీంట్లో నేను కనపడ్తానా?"

ఎలా తెలిసింది? ఖాజానా? కాదు... మళ్లీ ఖాజాను అంటున్నాను. చెట్టు కొమ్మలో నల్లగా మెరిసేది నాకు మిద్దె మీద నుంచే కనబడింది, కిందనుంచి ఆయనకు కనబడదా? ఇన్నాళ్లూ తెలిసే అక్కడికి వస్తున్నారా?

"కనపడ్తారు బావా" అన్నాను.

"ఏం చేస్తాండానో కూడా కనపడ్తాదా?"

ఏమని చెప్పాలి? కనబడుతుందంటే అబద్ధం. కనబడదంటే — సాక్ష్యం లేకుండానే మీ తమ్ముడు మీ మీద కోపం పెట్టుకున్నారని చెప్పినట్టు. నిజంగానే తిప్పుకుంటూ ఉంటే, ధైర్యం ఇచ్చినట్టు. ఆయన నా మొహమే చూస్తున్నారు, నేను స్కాను చూసినట్టు.

"నాయన ఉన్నప్పుడు ఈ బోరుకాడ మేమిద్దరం ఒకే మంచం మీద పండుకుంటాంటిమి, నీళ్లకు కాపలా" అన్నారు. తిప్పాననీ అనలేదు, తిప్పలేదనీ అనలేదు. నేను అడగలేదు. అడగగలిగి ఉండీ అడగలేదు.

నీళ్లు తెచ్చిచ్చాను. చెంబు చేతిలో పట్టుకుని, "ఈ పొద్దు వంతు ఎవురిది?" అని అడిగారు.

"మాది."

తాగారు. మొత్తం తాగారు.

"వాన్ని రానీ. ఈడే కూర్చుంటా" అని వసారా మెట్టు మీద కూర్చున్నారు. గంటన్నర అయింది. లేవలేదు. ఇక్కడినుంచి తలుపు సందులో ఆయన భుజం కనబడుతోంది.

ఇప్పుడే ఈయన ఫోన్ — "గార్లదిన్నె దాటినా. ఇంట్లో ఎవురన్నా వచ్చినారా?"

ఎందుకలా అడిగారు? ఆ వసారా కూడా ఏదో కెమెరాలో పడుతోందా?

"బావగారొచ్చి కూర్చున్నారు" అన్నాను.

అవతల బండి చప్పుడు మాత్రమే. ఫోన్ పెట్టెయ్యలేదు. బండి వేగం పెంచినట్టు ఆ చప్పుడు పెద్దదయింది...